పూసల వల

ఆ హారం ఎవరు అల్లారని అడిగితే పేరమ్మ రెప్ప వెయ్యకుండా "నేనేనండీ" అంది. గుమ్మం బయట చెప్పుల దగ్గర నిలబడ్డ ఆమె మొగుడు మంగరాజు ఆ మాట విన్నాడు. విని, ఏం చెయ్యాలో తోచక చేతిలో గొడుగు తెరిచాడు. వాన లేదు. మళ్ళీ మూశాడు.

అబద్ధమాడిందని పెళ్ళాన్ని అనడానికి అతనికి నోరు లేదు. నేర్పింది తనే. ఎవరైనా అడిగితే నువ్వే చేశావని చెప్పు, నా పేరెత్తావంటే ఊరుకోనని ఆ పొద్దున్నే హెచ్చరించాడు. మీసాలున్న మగవాడు, పప్పుల గోడౌన్లో కాటా దగ్గర నిలబడి బస్తాలు తూచే మనిషి, ఇంట్లో కూర్చుని పూసలు గుచ్చుతాడని తాముండే కొండ మెట్ల మీది ఇళ్ళవాళ్ళకు తెలిస్తే ఇంకేమైనా ఉందా? ఆ మెట్లు ఎక్కినంతసేపూ వెక్కిరిస్తారు. అందుకని పేరమ్మ అతను చెప్పమన్న మాటే చెప్పింది. చెప్పినట్టు విన్నందుకు పెళ్ళాం మీద కోపం రావడం ఏం న్యాయమో మంగరాజుకే తెలియాలి. న్యాయమో కాదో, వచ్చింది. ఒళ్ళు మండిపోయేట్టు వచ్చింది.

లోపల వెంకటరత్నమ్మ గారి పేరంటం జరుగుతోంది. దసరా రోజులు కావడంతో వన్ టౌన్ సందులన్నీ కొండకు వెళ్ళే జనంతో కిటకిటలాడుతున్నాయి. వెంకటరత్నమ్మ గారిది గుడివాడ దగ్గర రైతు కుటుంబం. భర్త ధాన్యం వ్యాపారం పెట్టుకుని బెజవాడ వచ్చేశాక ఆవిడకు ఊరికే కూర్చోబుద్ధి కాక మహిళామండలి పెట్టింది. గొంతు పెద్దది, చెయ్యీ పెద్దదే, మొత్తానికి మంచి మనిషి. పేరమ్మ కొల్లేటి చేపలు బుట్టలో పెట్టుకుని ఆ వీధిలో తిరిగి అమ్మిన రోజుల్లో ఆ ఇంటి వెనక గుమ్మం దగ్గర కూర్చుని తక్కెడ పట్టేది. ముందు గుమ్మంలోంచి లోపలికి రావడం ఇదే మొదలు. అదీ ఆ హారం పుణ్యమే. పొద్దున కొండ మెట్ల దగ్గర ఆమె మెడలో దాన్ని చూసి, వెంకటరత్నమ్మ గారు ఆగిపోయి, పట్టుకుని చూసి, సాయంత్రం పేరంటానికి రమ్మని పిలిచింది.

ఆగి చూడవలసిన హారమే. మెడ వెనక సన్నగా మొదలై, గుండెల మీదికి వచ్చేసరికి అరచెయ్యంత వెడల్పవుతుంది. ఆవగింజ కన్నా కాస్త పెద్దవైన ముదురు నీలం గాజుపూసలు వల కన్నుల్లా అల్లుకుని ఉంటాయి. ప్రతి కన్ను మధ్యా ఒక తెల్లపూస చిక్కుకుని ఊగుతుంది. అడుగు అంచున వెండి రంగు పూసల చేపలు వరసగా ఈదుతుంటాయి. ఎక్కడా ఒక కన్ను పెద్దదీ ఒక కన్ను చిన్నదీ లేదు. ఎండాకాలం మొదట్లో పట్టుకున్న పని, వానాకాలం పోతుండగా పూర్తయింది. ఎన్నిసార్లు విప్పి మళ్ళీ అల్లాడో అతనికే తెలుసు. దాన్ని నలుగురూ చూస్తుంటే చూద్దామనే పనిగట్టుకుని పెళ్ళాం వెంట వచ్చి చెప్పుల దగ్గర నిలబడ్డాడు. చూస్తున్నారు. చూసి, పేరమ్మ వేళ్ళు పట్టుకుని మెచ్చుకుంటున్నారు.

"పేరమ్మగారూ, ఇలా చాప మీదికి వచ్చి కూర్చోండి" అంటున్నారెవరో. పేరమ్మగారు! ఆ పేరు చివర గారు తగలడం మంగరాజు వినడం అదే మొదటిసారి.

తిరిగి వచ్చేటప్పుడు పేరమ్మ మెడ బోసిగా ఉంది. హారం వెంకటరత్నమ్మ గారి పూజగదిలో ఉండిపోయింది. మహిళామండలివాళ్ళు బడి హాల్లో అమ్మవారి బొమ్మ నిలబెట్టారు. అష్టమి నాడు ఆ బొమ్మ మెడలో ఈ హారం వెయ్యాలని ఆవిడ అక్కడికక్కడే నిర్ణయించేసింది. బొమ్మ మనిషికన్నా పెద్దది కనుక హారం చాలదు. అష్టమి పొద్దున పేరమ్మ హాలుకు వచ్చి, అందరి ఎదుటా కూర్చుని దాన్ని పొడుగు చెయ్యాలి. చూసి మండలివాళ్ళూ నేర్చుకుంటారు. ఇదంతా పేరమ్మ మెట్లెక్కుతూ గుక్క తిప్పుకోకుండా చెప్పింది. చాప మీద తనకు ఎక్కడ చోటిచ్చారో, పసుపు ఎవరు రాశారో, శనగలు ఏ పళ్ళెంలో పెట్టారో కూడా చెప్పింది. మంగరాజు నాలుగు మెట్లు ముందు నడుస్తున్నాడు. ఇంటికి హారమూ రాలేదు, పేరూ రాలేదు.

"ఏం, మాట్లాడవేం? నువ్వు చెప్పమన్నదే కదయ్యా చెప్పాను" అంది పేరమ్మ.

"చెప్పమన్నాను. అంత గట్టిగా చెప్పమన్నానా?" అన్నాడు మంగరాజు.

మర్నాడు తెల్లవారగానే పెరటి అరుగు మీద కూర్చున్నాడు. మిగిలిన పూసలతో ఏదో ఒకటి అల్లితే తప్ప మనసు కుదుటపడేట్టు లేదు. అలవాటు ప్రకారం కంచంలో తడిగుడ్డ పరిచి, పూసలు దొర్లిపోకుండా దాని మీద పోశాడు. నైలాను దారం తీశాడు. చేపల వలలకు వాడేదే, అందులో సన్నరకం. ఎడమ కాలు చాపి, దారం కొస బొటనవేలికి ముడేసి, ఒంటికేసి లాగి బిగువు చూసుకున్నాడు. ఆ బిగువులోనే ఉంది అంతా. కాలు ఇసుమంత చాపితే దారం బిగుస్తుంది, మడిస్తే వదులవుతుంది. చేతులకు తెలియనిది కాలికి తెలుస్తుంది. రెండు పూసలు ఎక్కించి, కొలతకు పెట్టుకున్న వెదురు బద్ద మీదుగా దారం తిప్పి, చిటికెనవేలితో పక్కకు తోసి ముడి దించితే ఒక కన్ను తయారవుతుంది.

అతను పుట్టిన కొల్లేటి లంకలో మగవాళ్ళంతా ఇలాగే కాళ్ళు చాపుకుని అరుగుల మీద వరసగా కూర్చుని వలలు అల్లేవాళ్ళు. వాళ్ళను చూసి నవ్వినవాడు లేడు. మీసాలు పండినవాళ్ళు కూడా కాలివేలికి దారం కట్టుకుని, కబుర్లు చెప్పుకుంటూ పొద్దంతా అల్లుతుంటే అది మగవాడి పని, మర్యాదైన పని. ఇప్పుడూ అదే దారం, అదే ముడి. మధ్యలో ఒక గాజుపూస దూరేసరికి ఆడపని అయి కూర్చుంది. ఈ లెక్క ఎవడు కట్టాడో కానీ, మంగరాజు దానికి తలొగ్గి, గాజుల కొట్టులో పూసలు కొన్నప్పుడల్లా మా ఆవిడకండీ అని చెప్పి కొనేవాడు. అక్కడ మొదలైంది తప్పు. ఆ పొద్దున అరుగు మీద అది అతనికి బాగా తెలిసివచ్చింది. కోపంగా ఉన్న చెయ్యి బిగువు ఎక్కువ పట్టింది. కన్నులు ఒకటి గుండ్రంగా, ఒకటి కోలగా వచ్చాయి. పుటుక్కున తెంపి, పూసలన్నీ మళ్ళీ డబ్బాలో పోసేశాడు.

గోడౌనుకు వెళ్ళేసరికి కబురు అతనికన్నా ముందే అక్కడికి చేరింది. బిల్లులు రాసే వెంకటసుబ్బారావు భార్య మండలిలో సభ్యురాలు. ఆయన కళ్ళజోడు నుదుటి మీదికి తోసుకుని, మీ ఆవిడ చేతిలో ఇంత పనితనం ఉందని ఎప్పుడూ చెప్పలేదేమయ్యా, మా ఇంట్లో రాత్రి నుంచీ అదే గోల, అన్నాడు. హమాలీలు కూడా విని తలలూపారు. అదృష్టవంతుడివి అన్నాడు వాళ్ళలో పెద్దవాడు.

ఇన్నాళ్ళూ మంగరాజు ఏ మాట ఎవరికీ తెలియకూడదని దాచాడో ఆ మాట తనంతట తనే బయటికి దూకింది.

"ఆ హారం అల్లింది నేనేనండీ."

వెంకటసుబ్బారావు ఒక్క క్షణం అతని మొహంలోకి చూసి పకపకా నవ్వాడు. ఆ నవ్వులో వెటకారం ఏ కోశానా లేదు. మంచి హాస్యం విన్నవాడు నవ్వినట్టే నవ్వాడు. ఒట్టండీ అన్నాడు మంగరాజు. ఆయన ఇంకా నవ్వాడు. హమాలీలను పిలిచి, విన్నారా, మన మంగరాజు పూసల హారాలు అల్లుతాడట, రేపు నాకు జడగంటలు కుట్టిపెడతానన్నాడు, అని చెప్పాడు. గోడౌనంతా నవ్వింది. దారం ఉంటే ఇప్పుడే చూపిస్తానని మంగరాజు చుట్టూ వెతికాడు. గోనెలు కుట్టే పురికొస తప్ప ఏమీ లేదు. పురికొస పూసలో దూరదు, దూరినా పూసలేవి? ఇంతలో కందిపప్పు బస్తాలతో బండి వచ్చింది. ఆ రోజంతా అతను కాటా ముల్లుకేసి గుడ్లురిమి చూస్తూ తూచాడు. వెక్కిరించి ఉంటే దెబ్బలాడి ఉండేవాడు. నమ్మనివాడితో ఎలా దెబ్బలాడతాం?

అష్టమి ముందురోజు పేరమ్మ దారం, పూసలు ముందేసుకుని కూర్చుంది. హాల్లో అందరి ఎదుటా ఏదో ఒకటి చెయ్యకపోతే పరువు పోతుందని భయం పట్టుకుంది ఆమెకు. నేర్పమని బతిమాలింది. మంగరాజు మొహం గంటు పెట్టుకునే నేర్పాడు. పేరమ్మ వేళ్ళు మొద్దువేమీ కావు. బతికున్న చేప జారిపోకుండా పట్టి, పొలుసు ఊడదీసి, ముక్కలు చేసి ఇచ్చేసరికి కొనేవాళ్ళు ఇంకా సంచి కూడా తెరిచి ఉండేవాళ్ళు కాదు. కానీ పూస దగ్గర ఆ వేళ్ళకు ఏమైందో, దారం కొస ఒక వైపు పోతే పూస ఒక వైపు పోయింది. కాలికి కట్టుకోమన్నాడు. మెట్టె అడ్డమొస్తోందంది. కిటికీ ఊచకు కట్టి చూసింది. ఊచ కదలదు, బిగువు తెలియదు. కన్నులు చీకిపోయిన గోనెసంచి చిరుగుల్లా వచ్చాయి. మంగరాజు చూడలేక లాక్కుని విప్పాడు. ఆమె మళ్ళీ అల్లింది. మళ్ళీ విప్పాడు. మూడోసారి కంచం తన్నుకుని పూసలు నేలంతా చెల్లాచెదురయ్యాయి. ఇద్దరూ మోకాళ్ళ మీద పాకుతూ ఏరుకున్నారు.

ఏరుతూనే మంగరాజు చెప్పాడు. ఈ తిప్పలన్నీ ఎందుకు, అల్లింది మా ఆయనేనని రేపు చెప్పెయ్యి, నేనేమీ అనుకోను. పేరమ్మ చేతిలో పూసలు పట్టుకుని అలాగే కూర్చుండిపోయింది.

"ఇప్పుడు చెప్పమంటావా? అబద్ధాలకోరు అంటారు నన్ను. ఆ ఇంట్లో నాకు ఇన్నాళ్ళకు కూర్చోడానికి చోటు దొరికిందయ్యా. దాన్ని కూడా ఊడబీకుతావా?"

మంగరాజు ఏరిన పూసలు డబ్బాలో వేశాడు. ఆమె అన్నది నిజం, అతని కడుపులో రగిలేదీ నిజమే. చివరికి ఇద్దరూ కలిసి ఒక ఉపాయం ఆలోచించారు. పేరమ్మ చూపుడువేలికి గుడ్డ చుట్టుకుంటుంది. కత్తిపీటకు తెగిందని చెబుతుంది. హారం ఇంటికి తెచ్చుకుని, మంగరాజు పొడుగు చేసి, మధ్యాహ్నం పూజవేళకు అందిస్తారు. అందాకా అతను నోరు మెదపకూడదు. మెదపనని మాటిచ్చాడు. ఇచ్చేటప్పుడు నిజంగానే ఇచ్చాడు.

అష్టమి పొద్దున హాలు పూలవాసనతో, అగరుపొగతో నిండి ఉంది. ఎదురుగా ఎత్తుపీట మీద అమ్మవారి బొమ్మ. ముందు ఇత్తడి పళ్ళెంలో, పసుపు బట్ట మీద మంగరాజు హారం. దాన్ని అలా చూసేసరికి అతనికి కళ్ళు చెమర్చాయి. కావలసిన సామానున్న డబ్బా చంకలో పెట్టుకుని గోడ పక్కన నిలబడ్డాడు. పేరమ్మ కట్టిన వేలు చూపించి చెప్పవలసింది చెప్పింది. వెంకటరత్నమ్మ గారు ఒక్క అనుమానం పడలేదు. పైగా నొచ్చుకుంది. అయ్యో, అమ్మవారి పని అనగానే ఇలాంటివే తగులుతాయి, ఇంటికే పట్టుకెళ్ళండి పేరమ్మగారూ, నెమ్మదిగా చేసి తెండి, అంది. ఉపాయం పారింది. హారం తీసుకుని గుమ్మం దాటడమే తరువాయి.

దాటి ఉండేవాళ్ళే. కానీ వెంకటరత్నమ్మ గారు మంచి మనిషి కనుక, గోడ పక్కన నిలబడ్డ మగమనిషిని పలకరించకుండా పంపడం మర్యాద కాదనుకుంది. అతని వైపు తిరిగి నవ్వింది.

"మీరు అదృష్టవంతులండీ. ఇలాంటి పనిమంతురాలు ఎంతమందికి దొరుకుతుంది చెప్పండి?"

గోడౌన్లో హమాలీ అన్న మాటే. ఈసారి మంగరాజు అవును అనబోయాడు కూడా. పెదవులు అవును అనడానికే తెరుచుకున్నాయి.

"దానికి రాదండి. అల్లింది నేను" అన్నాడు.

పేరమ్మ తల దించుకుంది. వెంటనే వెనక వరసలో ఎవరో కిసుక్కున నవ్వారు. మంగరాజు ఆ నవ్వును లెక్కచెయ్యలేదు. ఇచ్చిన మాట తప్పినందుకు సిగ్గుపడవలసినవాడు, తల బరువు దిగిన కూలివాడిలా నిలబడ్డాడు. వెంకటరత్నమ్మ గారు పేరమ్మను చూసింది, అతన్ని చూసింది. ఆవిడకు కోపం వస్తుందనుకున్నారు అందరూ. ఆవిడ తెల్లబోయి, ఆ తర్వాత ఉత్సాహం పట్టలేకపోయింది. మగవాళ్ళు ఇంత సన్నటి పని చెయ్యడం నేనెక్కడా చూడలేదండీ, మీరే ఇక్కడ కూర్చుని చేసి చూపించండి, అని స్వయంగా చాప లాగి పరిచింది. నమ్మింది! ఇన్ని రోజుల్లో నమ్మిన మొదటి మనిషి ఆవిడ.

మంగరాజు కూర్చున్నాడు. ఆడవాళ్ళు చుట్టూ మూగారు. హారం ఒక కొసన కొక్కెం ఉన్న చోట ముడి విప్పి, కొక్కెం పక్కన పెట్టుకుని, కొత్త దారం జోడించాడు. తడిగుడ్డ మీద పూసలు పోశాడు. ఇక చెయ్యి దానంతట అది నడిచింది. ఒక్కొక్క కన్నూ పడుతుంటే ముందు నిలబడ్డ అమ్మాయి ఒకతె ముడి ఎలా దించుతున్నారో ఇంకొకసారి చూపించమంది. చూపించాడు. పూసలు ఏ కొట్లో కొన్నదీ, దారం ఏ నంబరుదీ, తడిగుడ్డ ఎందుకో, అడిగినదానికీ అడగనిదానికీ జవాబులు చెప్పాడు. అంతమంది ఎదుట అంతసేపు మాట్లాడటం అతనికే వింతగా ఉంది. బతుకులో ఎన్నడూ లేనంత సంతోషంగా ఉన్నాడు. ఆ సంతోషంలో తన ఎడమ కాలు ఎప్పుడు చాపాడో, దారం కొస బొటనవేలికి ఎప్పుడు తగిలించాడో అతనికి తెలియనే తెలియదు.

పూజ చూసుకునే పెద్దావిడ సంపూర్ణమ్మ గారు పళ్ళెంలో పూలు సర్దుతూ వంగి చూసింది.

"అదేమిటి నాయనా, కాలికి కట్టావేం?"

"ఇలాగేనండి అల్లేది. మొత్తం హారమంతా ఇలాగే అల్లాను" అన్నాడు మంగరాజు, ఇంకా నవ్వుమొహంతోనే.

సంపూర్ణమ్మ గారు వంగినదల్లా లేచింది. హారం పెట్టిన పసుపు బట్టను పళ్ళెంలోంచి రెండు వేళ్ళతో తీసి పక్కన పడేసింది. పళ్ళెం కడగమని ఎవరికో ఇచ్చింది. చుట్టూ ఉన్న ఆడవాళ్ళు ఒక్కొక్కరే కాస్త వెనక్కి జరిగారు. అప్పుడు మంగరాజు తన కాలు చూసుకున్నాడు. దుమ్ము పట్టిన మడమ, బొటనవేలు, వేలికి దారం, దారం చివర అమ్మవారి మెడలోకి వెళ్ళవలసిన హారం. కొల్లేటి అరుగుల మీద ఎవరికీ కనపడని కాలు ఈ హాల్లో అందరికీ కనపడుతోంది. తటాలున మడుచుకున్నాడు. బిగువు తప్పి, అల్లిన కన్నులు వదులైపోయాయి.

వెంకటరత్నమ్మ గారి మొహం చూస్తే జాలేసింది. ఎలా చెప్పాలో తెలియక చీర కొంగు సర్దుకుంది. మీ పనికి వంక పెట్టడం కాదండీ, అమ్మవారి మెడలో వేసేది కదా, కాలు తగిలినది ఎలా వేస్తాం, మీరే చెప్పండి, అంది. ఆవిడ పేరమ్మ వైపు తిరిగింది.

"నువ్వైనా ముందు ఒక మాట చెప్పాల్సింది పేరమ్మా."

ఎక్కడా కటువు లేదు. చేపల బుట్ట దించుకున్న రోజుల్లో పలకరించినట్టే, మామూలుగా పలకరించింది. చిన్న తీసివేత. గారు పోయింది, మీరు పోయింది. మంగరాజుకు చెంప మీద కొట్టినట్టయింది. తనకు రావలసిన పేరు అడుగుదామని వచ్చి, పెళ్ళాం పేరుకు ఉన్నదాన్ని తెంపేశాడు. తను చేసింది ఏమిటో పూర్తిగా తెలిసినది ఆ క్షణానే. గుడ్డ మీది పూసలు ఏరడం మొదలుపెట్టాడు. తొందరగా ఏరుకుని, తొందరగా మెట్లు దిగి, ఎవరి కంటా పడకుండా ఇంటికి పోవాలి. పేరమ్మ మొహం చూసే ధైర్యం అతనికి లేదు.

పేరమ్మ వచ్చి అతని ఎదుట చాప మీద కూర్చుంది. వేలికి చుట్టుకున్న గుడ్డ విప్పి పక్కన పడేసింది. వేలు నిక్షేపంలా ఉంది. అందరూ చూశారు.

"ఏవయ్యా, కొక్కెం కట్టు" అంది. ఈ నాలుగు రోజులుగా ఆ ఆడవాళ్ళ ముందు అలవాటు చేసుకున్న ఏవండీ ఎటు పోయిందో.

"ఇంటికెళ్ళాక కడతాను, లే" అన్నాడు గొణుగుతూ.

"ఇక్కడే కట్టు. నేను ఏసుకుని ఎళ్తాను."

"ఊచకు కట్టి..."

"ఊచకి కడితే నీకు కుదరదుగా. కాలు చాపు."

మంగరాజు ఆమె మొహంలోకి చూశాడు. కోపం అలాగే ఉంది. అతని మీదే ఉంది. అది ఇంకా చాలా రోజులు ఉంటుంది, అతనికి తెలుసు. కానీ ఆమె కదల్లేదు, తన తల్లిగారింటి అరుగు మీద కూర్చున్నట్టే బాసిపట్టు వేసుకుని కూర్చుంది. అతను అమ్మవారి వైపు కాకుండా ఒక పక్కకు తిరిగి, మెల్లగా కాలు చాపాడు. దారం బొటనవేలికి తగిలించి బిగువు చూసుకున్నాడు. వదులైపోయిన కన్నులు విప్పాడు. ఎవరూ వద్దనలేదు, ఎవరూ దగ్గరకూ రాలేదు. ఇందాక ముడి చూపించమన్న అమ్మాయి మాత్రం ఉన్నచోటనే ఉండి చూస్తోంది. రెండుసార్లు పూస జారింది. మూడోసారి కొక్కెం పడింది, ముడి దిగింది. పళ్ళతో దారం కొరికి హారం ఆమె చేతికిచ్చాడు.

పేరమ్మ తీసుకోలేదు. వెనక్కి తిరిగి, జడ పక్కకు తీసి మెడ వంచింది.

అంతమంది ఆడవాళ్ళు చూస్తుండగా, మంగరాజు పెళ్ళాం మెడలో హారం వేసి కొక్కెం తగిలించాడు. అతని చెవులు ఎర్రబడ్డాయి. పేరమ్మ లేచి నిలబడి, అంచున చేపలు సరిగ్గా పడ్డాయో లేదో చేత్తో సవరించుకుంది. వెంకటరత్నమ్మ గారి దగ్గరకు వెళ్ళి దణ్ణం పెట్టింది. ఏమనుకోకండమ్మా, మా లంకలో అమ్మవారి గుడి ముందు పెట్టందే కొత్త వల నీళ్ళలో దించరు, ఆ వలలూ కాళ్ళకు కట్టి అల్లినవే, అందుకని మాకు ఈ సంగతి తోచలేదు, అని చెప్పింది. అందులో తగువూ లేదు, బతిమాలడమూ లేదు. వెంకటరత్నమ్మ గారు ఆ హారం వైపే చూస్తోంది. ఆవిడ కళ్ళలో ఆశ ఇంకా పోలేదు.

కొండ మెట్ల మొదట్లో చేపలమ్మే దానమ్మ బుట్ట ముందేసుకుని కూర్చుని ఉంది. పండగ రోజుల్లో చేపలు పోవని నిమ్మకాయలు అమ్ముతోంది. పేరమ్మను చూడగానే మెడ సాగదీసింది.

"ఏంటే అది, మెళ్ళో? ఎక్కడ కొన్నావే?"

మంగరాజు ఆగలేదు. తల వంచుకుని మెట్లెక్కేస్తున్నాడు. పేరమ్మ ఆగింది.

"కొనలేదే. మా ఆయన అల్లాడు."

దానమ్మకు సరిగ్గా వినపడినట్టు లేదు. ఎవరూ? అంది. పేరమ్మ ఈసారి గొంతు పెంచింది. చేపలు అమ్ముకుంటూ వీధి ఈ చివర నుంచి ఆ చివరకు వినిపించేట్టు అరిచిన గొంతు అది. పైన ఇళ్ళ గుమ్మాల్లో ఆడవాళ్ళు తలలు బయటికి పెట్టారు. మంగరాజు వెనక్కి తిరక్కుండా అక్కడే, మెట్టు మీద, ఆమె వచ్చేదాకా నిలబడ్డాడు.